అమ్మగుంజ మీద గొడ్డలి

మొన్న కుంటి కన్నన్ మనవడు పెళ్ళిపత్రిక పట్టుకుని వచ్చాడు. తాంబూలం పళ్ళెం నా ఒళ్ళో పెట్టి, కాళ్ళకు దండం పెట్టి, "మొదటి పత్రిక దేవుడికి పెట్టినాం అవ్వా, రెండోది మీకే. మా తాత అట్ట చెప్పి పోయినాడు" అన్నాడు. నటేశన్ నగర్‌లో మా మనవడి ఇల్లు రెండు గదుల ఇల్లు. ఆ పిల్లవాడు నిలబడితే ముందు గది నిండిపోయింది. వాడి పొడుగూ ఆ దవడా చూస్తే వాళ్ళ పెద్దాయన మునిరత్నమే లేచి వచ్చినట్టుంది. కాకపోతే మునిరత్నం దవడ ఇంత తీరుగా ఉండేది కాదు. ఎడమపక్కకు లాక్కుపోయి, అన్నం నమిలినప్పుడల్లా టక్కుటక్కుమనేది. దాన్ని తెడ్డుతో విరగ్గొట్టింది మా మామ.

వాడు వెళ్ళాక మా మునిమనవరాలు "వాళ్ళు మనకేమవుతారవ్వా?" అంది. ఏమవుతారని చెప్పను? చుట్టాలు కారు, మా కులమూ కాదు. ఒక మధ్యాహ్నం వాళ్ళ రక్తమూ మా రక్తమూ ఒకే పలక మీద కలిసి ఏట్లోకి కారిపోయింది. అదే చుట్టరికం. ఆ పిల్లకు తెలుగు మాట్లాడడం వచ్చు గానీ చదవడం రాదు. నాకూ మా నాయన ఇసుకలో దిద్దించిన అక్షరాలే తప్ప బడి చదువు లేదు. అయినా నేను పోయాక ఇది చెప్పేవాళ్ళుండరని, వచ్చినంతలో రాసి పెడుతున్నాను. ఎవరన్నా చదివి వినిపిస్తారులే.

నేను కదిర్కామంలో వేరుశెనగ చేల మధ్య పుట్టిన దాన్ని. నీళ్ళంటే మాకు బావి నీళ్ళే. మా నాయన పండించిన కాయ మదరాసుకు పోయేది సముద్రం మీద సరుకు దోనె తోలే సరంగు కోదండంతో, అంటే మా మామ దోనెలో. ఆ రాకపోకల్లోనే సంబంధం కుదిరింది. నాకప్పుడు పదహారు. ఊరికి దక్షిణాన, ఫ్రెంచి దొరల వీధులు అయిపోయి ఇసుక మొదలయ్యే చోట, ఏటి ఒడ్డున మా అత్తగారి ఇల్లు. పుదుచ్చేరి సముద్రం ఒడ్డున ఓడలకు ఆసరా లేదు. దొరల ఓడలు దూరంగా నిలబడేవి, సముద్రంలోకి కట్టిన ఇనుప వంతెన దాకా సరుకు పడవల మీదే రావాలి. గాలి లేస్తే ఆ ఓడలు లంగరెత్తుకుని పారిపోయేవి. మా దోనెలు చిన్నవి గనుక ఇసుకమేట దాటి ఏట్లోకి దూరేవి. గాలివానలు పట్టే ఐప్పసి నెల వచ్చిందంటే వానలు వెనకబట్టేదాకా అన్నీ అక్కడే, ఒకదాని వెనక ఒకటి, కొట్టంలో పశువుల్లాగా కట్టేసి ఉండేవి.

ఆ ఇంటి వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది. పలకలకు పూసే చేపనూనె, సందుల్లో పెట్టే గుగ్గిలం, తడిసిన నారమోకులు, వీటన్నిటి మీదా మా అత్త కాచే చింతపండు పులుసు. మొదటి నెల నాకు అన్నం సయించలేదు. ఇంట్లో మాటకంటే దెబ్బే ముందు వచ్చేది. మా మామ నడుముకు జానెడు మోకుముక్క వేలాడుతుండేది. దాని కొనకు ముడి. దోనె మీద పనిచేసే కళాసీ ఆలస్యంగా వచ్చినా, కుక్క కాళ్ళకు అడ్డం వచ్చినా, పెళ్ళయిన కొడుకు ఎదురు చెప్పినా ఆ ముడే పలికేది. మా అత్త మాత్రం తక్కువ తిందా? ఒకసారి ఆయన మోకెత్తితే పొయ్యిలోంచి కొరివి లాగి, "రా, ఈ పక్క మీసం కూడా కాల్చి పంపిస్తా" అంది. అప్పటికే ఒక పక్క మీసం పలచగా ఎందుకుందో నాకు ఆ రోజు తెలిసింది.

ఏట్లో దోనెలు కట్టడానికి కట్టుబాట్లుండేవి. దొరల రేవు కచేరీలో అచ్చేసిన కాగితాలున్నాయంటారు, అవి ఓడలకు. ఏటి కట్టుబాట్లు ఆడవాళ్ళ నోట్లోనే ఉండేవి, ఎందుకంటే మగవాళ్ళు సముద్రం మీద ఉన్నప్పుడు దోనెల మోకులు చూసుకునేది మేమే. కూరలు తరుగుతూ మా అత్త నాకు ఎక్కించేది. "ముందొచ్చిన దోనె లోపలికి, ఎనకొచ్చింది ఏటి నోటికాడ. పక్కోడి మోకు మీద నీ మోకు పడగూడదు, పడితే రెండూ కోసుకుంటాయి. మోకు బిగించి కట్టబాక, పోటుకు నీళ్ళెక్కితే దోనె యాడికి లేస్తాది? ఊపిరి ఇడిచి కట్టు. ముక్కు ఒడ్డుకు, తోక లంగరు ఏట్లోకి." ఇలా చెప్తూ చెప్తూ, కత్తిపీట ఆపి, గొంతు తగ్గించి అసలుది చెప్పింది. "ఒక ఇంటి మోకు మీద ఇంకో ఇంటి కత్తి పడగూడదు పిల్లా. ప్రాణం పోయినా పడగూడదు. తెంచాల్సొస్తే ఆ ఇంటోళ్ళే తెంచాల."

అందుకోసమే ప్రతి దోనె ఇంట్లోనూ ఒక గొడ్డలి ఉండేది. మాది పొయ్యి పక్క గోడకు వేలాడేది. శుక్రవారం పసుపు పూసి, నూరి, మళ్ళీ తగిలించాలి. నాకు తెలియక కాపురానికి వచ్చిన కొత్తలో దానితో కట్టెలు చీల్చాను. చేలో తాటిమొద్దులు కొట్టిన చెయ్యి కదా, భలే తెగుతోందే అని మురిసిపోతున్నాను. వెనకనుంచి వేడి గరిటె వచ్చి మణికట్టు మీద పడింది. "అది పొయ్యికి కాదే, ఏటికి!" అంది మా అత్త. ఆ మచ్చ ఉంది. తరవాత తనే వెన్న రాసింది, తిడుతూనే.

ఆ ఏడు మా మామకు ఒక పిచ్చి పట్టింది. పగిలిపోయిన పొగఓడ సామాన్లు అమ్ముతుంటే పోయి, ఒక ఇనుప గొలుసు బండికెత్తించుకుని వచ్చాడు. ఒక్కొక్క కడియం నా అరచేయంత. నారమోకు తీసేసి, దోనె ముక్కున నిలువుగా ఉండే టేకుగుంజకు ఆ గొలుసు చుట్టి, రెండో కొన ఒడ్డున పాతిపెట్టిన పాత ఫిరంగికి చుట్టించాడు. ఆ గుంజను మేము అమ్మగుంజ అంటాం. దానికి పసుపు కుంకుమ పెట్టందే దోనె కదలదు. గొలుసు ఎవరూ దొంగిలించకుండా రెండు కొనల దగ్గరా శీలలు వేయించి, కమ్మరి చేత వాటి తలలు చదునుగా కొట్టించాడు. ఇక అది విప్పేది కాదు, కోసేదీ కాదు. దోనెలవాళ్ళలో అందరికంటే పెద్దవాడు ఆరుముగం తాత, ఒక కన్ను కనపడదు, వచ్చి గొలుసును తడిమి చూశాడు.

"ఇనుముకు చెవులుండవు కోదండం. మోకైతే చెప్తే వింటాది."

"కొబ్బరి పీచు పట్టుకుని ఎన్నాళ్ళు ఏడస్తారు తాతా? దొరలు పీచుతో కడతాండారా?"

"దొరల ఓడ పక్కన ఇంకో ఓడ ఉండదురా. నీ పక్కన మేముండాం."

మా మామ నవ్వి, గొలుసును కాలితో తన్నాడు. అది గణగణమంది. ఆ మోత ఆయనకు సంగీతంలా ఉండేది.

పైగా ఇంకొక్క నడక సరుకు లాగాలని పోయి, అందరికంటే చివర వచ్చాడు. కట్టుబాటు ప్రకారం ఏటి నోటి దగ్గరే నిలబడాల్సి వచ్చింది. మాకు ఎగువన మునిరత్నం దోనె, దాని పైన మిగతావి. నా పెనిమిటి వరదయ్య వాళ్ళక్కను చూడడానికి కారైక్కాలు పోయి ఉన్నాడు. అప్పుడు వచ్చింది గాలి.

గాలివానలు నేను తరవాత చాలా చూశాను. అలాంటిది చూడలేదు. తెల్లారేసరికి మా ఇంటి కప్పు సగం లేదు. మధ్యాహ్నానికి దీపం పెట్టుకునేంత చీకటి. పైనుంచి ఏరు ఎర్రగా దిగింది, చెట్లతో, గడ్డివాములతో, పొట్టలు ఉబ్బిన గొడ్లతో. కింద సముద్రం ఎదురు తన్నుతోంది. మా దోనె తోక లంగరు తెగింది. తోక తిరిగి అవతలి ఇసుకమేటకు పోయి దిగబడింది. ముక్కేమో ఇటు ఒడ్డున ఫిరంగికి గొలుసుతో ఉంది. అంత పెద్ద దోనె ఏటికి అడ్డంగా తలుపు వేసినట్టు పడింది. కొట్టుకొచ్చిన చెట్లన్నీ దానికి తగులుకున్నాయి. ఆ తోపుకు మునిరత్నం దోనె మోకులు పుటుక్కున తెగి, అది వచ్చి మా దాని మీద పడింది. మునిరత్నం కొడుకు కన్నన్, ఇరవై ఏళ్ళవాడు, లోపల నీళ్ళు తోడుతున్నాడు. గడకర్ర ఎత్తుకుని దోనెను ఆపబోయాడు. రెండు దోనెల మధ్య కాలు ఇరుక్కుంది.

వాడి కేక గాలి మోతను చీల్చుకుని ఇంట్లోకి వినపడింది. నేనూ అత్తా పరిగెత్తాం. ప్రతి తోపుకూ ఆ రెండు దోనెలూ విడివడినట్టే విడివడి మళ్ళీ మూసుకుంటున్నాయి, నోట్లో చెరుకు నమిలినట్టు. మా దోనె జారిపోతే తప్ప వాడు బతకడు. ఈ కాలు పోయాక నడుము, నడుము తరవాత తల.

మా మామ దోనె ముక్కు మీద తెడ్డు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మోకాటిలోతు నీళ్ళలో గొడ్డలితో మునిరత్నం. చెయ్యి వెయ్యలేదు పాపం, ముందు దండమే పెట్టాడు.

"కోదండం, నీ కాళ్ళు పట్టుకుంటా. నీ చేత్తో నువ్వే తెంచెయ్. బిడ్డ నలిగిపోతాండాడు."

"ఏం తెంచేది? ఇనుము తెగతాదా?"

"అమ్మగుంజ నరికెయ్!"

"అమ్మగుంజా? నీ అమ్మను నరుకుతావంట్రా? దోనె ఉత్త కట్టె అనుకున్నావా, ఐదిళ్ళ కూడు! ఒక్క గడియ ఆగు. పోటు తీస్తాది."

కన్నన్ మళ్ళీ అరిచాడు. అది మనిషి అరుపులా లేదు. మునిరత్నం ఇక ఆగలేదు. గొడ్డలి పళ్ళతో కరిచిపట్టి గొలుసు పట్టుకుని పైకెక్కాడు. మా మామ తెడ్డు అడ్డంగా తిప్పి మొహం మీద కొట్టాడు. ఎండుటాకులు తొక్కినట్టు చప్పుడైంది. మునిరత్నం వెల్లకిలా నీళ్ళలో పడ్డాడు. గొడ్డలి ఏట్లో పోయింది. అంతే, వాళ్ళ కళాసీలు తెడ్లెత్తారు, మావాళ్ళు కత్తులు లాగారు. తలలు పగిలాయి. నిన్నటిదాకా ఒక చుట్టను పంచుకుని కాల్చినవాళ్ళు ఆ వానలో ఒకరినొకరు నీళ్ళలో ముంచి తొక్కారు. ఇందులో ఎవరి తప్పు? మునిరత్నానికి కొడుకు, మా మామకు కట్టుబాటు, ఇద్దరిదీ న్యాయమే.

మా అత్త అప్పటికే ఇంట్లోకి పోయి వచ్చింది. చేతిలో పసుపు గొడ్డలి. చీర దోపుకుని దోనె ఎక్కింది. నన్నెవరూ రమ్మనలేదు, నేనూ ఎక్కాను.

"అడ్డం లెయ్," అంది మొగుడితో.

"ఆడముండవు, దోనె మీదికొచ్చి నాకు చెప్తావా?"

"నీ ఇంటి చెయ్యే కదా పడాల? ఇదో, నీ ఇంటి చెయ్యి."

ఒక దెబ్బ వేసింది. చెక్క లేచింది. ఆయన ఆమె జుట్టు పట్టి లాగి పలకల మీదికి విసిరాడు. ఆమె పడుతూనే గొడ్డలి నా వైపు తోసి, రెండు చేతులతో ఆయన కాళ్ళు చుట్టేసి పిక్కలో పళ్ళు దింపింది. "ఏసెయ్యవే పిల్లా! చూస్తాండావేంది!" అంది, నోరు వదలకుండానే.

తాటిమొద్దు కొట్టేటప్పుడు మా నాయన చెప్పేవాడు, ఏటవాలుగా వేస్తే చెక్క తనంతట తనే నోరు తెరుస్తుందని. అలాగే వేశాను. కుంకుమ బొట్టు పెట్టే చోటే పడింది మొదటి వేటు. ఆ గుంజను ముందురోజు కడిగి పూజ చేసింది నేనే. గొలుసు లాగుతున్న బిగువుకు చెక్క లోపల మూలిగింది. మళ్ళీ వేశాను. మా మామ కాళ్ళు విడిపించుకోలేక ఉన్నచోటునుంచే తెడ్డెత్తాడు. చూశాను. చూసి కూడా ఇంకో వేటు వేశాను. ఆయన తెడ్డు నా కుడిభుజం మీద దిగింది. ఎముక విరిగిన చప్పుడూ గుంజ విరిగిన చప్పుడూ ఒక్కటిగా విన్నాను.

గుంజ తలకాయ గొలుసుతో పాటు ఒడ్డుకు లేచిపోయి మోకుల పాక గోడను కూల్చింది. దోనె ఒక్కసారి గుర్రంలా ఎగిరింది. మేము ముగ్గురం నీళ్ళలో ఉన్నాం. ఎవరో నా జడ పట్టి ఈడ్చారు. అది మునిరత్నం కళాసీ అని తరవాత తెలిసింది, మా మామ వాడి తమ్ముడి తల పగలగొట్టి అరగంట కాలేదు. కన్నన్‌ను లాగేశారు. మోకాటి కింద కాలు కాలులా లేదు. మా దోనె ఇసుకమేట మీదికి పోయి, సముద్రం రెండు దెబ్బలు కొడితే పలకలు పలకలుగా విడిపోయింది. మా మామ పీకలోతు నీళ్ళలో నిలబడి అది చూస్తూ ఏడ్చాడు. దెబ్బే తప్ప మాట రాని మనిషి, పసిపిల్లవాడిలా నోరు తెరిచి ఏడ్చాడు.

దొరల ఆసుపత్రిలో కన్నన్ కాలు తీసేశారు, ప్రాణం దక్కింది. నా భుజానికి ఎముకలు కట్టేవాడు వచ్చి వెదురుబద్దలు కట్టాడు. మా మామ నా మొహం చూడలేదు. "దీన్ని పుట్టింటికి పంపేయండి. ఇది నా దోనెను చంపింది," అన్నాడు గోడతో. కబురు పోయి మా నాయన ఎడ్లబండి కట్టుకుని వచ్చాడు. అదే రోజు ఏటి ఒడ్డున దోనెలవాళ్ళంతా కూర్చున్నారు. వరదయ్య అప్పటికి తిరిగొచ్చాడు గానీ, తండ్రి ముందు ఆయన నోరు ఏనాడు లేచింది గనుక.

కట్టుబాటు ఏమిటంటే, పదిమంది కోసం తన దోనెను తన చేత్తో తెంచుకున్న ఇంటికి ఏరంతా కలిసి కొత్త దోనె కట్టివ్వాలి. బయటి చెయ్యి తెంచితే ఎవరూ ఏమీ ఇవ్వరు. తెంచినవాడూ పోగొట్టుకున్నవాడూ తేల్చుకోవాల్సిందే. ఆరుముగం తాత అడిగాడు, "గుంజ తెంచింది ఎవరి చెయ్యి?"

"కోడలిది," అంది మా అత్త.

దోనెవాడొకడు లేచాడు. వాడికి టేకు ఇవ్వడం ఇష్టం లేదు. "కోడలైతే? కొత్త కోడలు మొదటి కట్టుకాలంలో మామ చేతికింద మోకు ముడి ఏస్తేనే ఏటికి ఇంటిమనిషి అవుతాది. ఈ ఏడు కోదండం ముడి యాడ ఏయించినాడు? ఇనుప గొలుసాయ! ఆ పిల్ల ఇంకా బయటి చెయ్యే."

 ఆ మాట నిజమే. మునిరత్నం దవడకు గుడ్డ కట్టుకుని కూర్చుని ఉన్నాడు, మాట్లాడలేడు. నా వంకే చూస్తున్నాడు. బండి దగ్గర మా నాయన తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. మా మామ నాది బయటి చెయ్యి అంటే నేను ఆ బండెక్కాలి, దోనె రాదు. ఇంటి చెయ్యి అంటే దోనె వస్తుంది, కానీ పదిమందిలో తన గొలుసు తప్పని, ఆడపిల్ల వేటు ఒప్పని ఒప్పుకున్నట్టు. ఆ మనిషి పౌరుషం నాకు తెలుసు. నేను బండి వైపే చూస్తూ కూర్చున్నాను.

తాత రెండోసారి అడిగాడు. "చెప్పు కోదండం. ఎవరి చెయ్యి?"

మా మామ ఇసుకలో వేలితో గీతలు గీశాడు. లేచి, "ముడి ఏయించనిది నేను. దానికి పిల్లనంటే ఎట్ట?" అన్నాడు. తరవాత గొంతు పెంచి, అందరినీ కొట్టబోయేవాడిలా, "నా కోడలు. నా గొడ్డలి. నా చెయ్యే!" అన్నాడు. అని, ఎవరి మొహమూ చూడకుండా ఇంటికి పోయాడు. మా నాయన ఖాళీ బండి తోలుకుని కదిర్కామం వెళ్ళిపోయాడు. అంత సంతోషంగా ఖాళీగా పోయిన బండిని నేను మళ్ళీ చూడలేదు.

మొదటి టేకుమాను పంపింది మునిరత్నమే. రెండిళ్ళ మధ్య నీళ్ళు పుచ్చుకోవడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది. చెట్టిచ్చాడు గానీ దవడ మర్చిపోలేదు, ఎలా మర్చిపోతాడు? ఇప్పుడు అదే ఏట్లో ఇంజన్ పడవలు, నైలాన్ తాళ్ళు. ఎవరి తాడు ఎవరి మీద పడిందో చూసేవాళ్ళు లేరు. పడవకు దెబ్బ తగిలితే కోర్టుకు పోతారు. ఆ రోజుల్లో అందరం మంచివాళ్ళమని నేననను, మేము కొట్టుకున్నంత వీళ్ళు కొట్టుకోవడం లేదు, అది మేలే. కానీ ఒకడి దోనె పోతే ఊరంతా కట్టివ్వడమనే మాట చెప్తే మా మనవడు నవ్వుతాడు. ఆ రెండూ ఒకే చెట్టు కాయలేమో, ఒకటి ఉంచుకుని ఒకటి పారెయ్యడం కుదరలేదేమో, నాకు తెలియదు.

కొత్త దోనె ఏట్లో దిగింది. మరుసటి ఐప్పసిలో కట్టేటప్పుడు మా మామ కొత్త నారమోకు తెచ్చాడు. అందరూ చూస్తుండగా కొన నా వైపు విసిరి, "ఏందట్ట నిలబడ్డావు? ముడెయ్," అన్నాడు. అంతకుముందు ఏడాదిగా నాతో ఒక్క మాట లేదు. నా కుడిచెయ్యి రొమ్ము దాటి పైకి లేవదు. ఎడమచేత్తో, పళ్ళతో, చెమటలు కక్కుతూ అమ్మగుంజకు ముడి వేశాను. ఆయన వచ్చి వంగి చూశాడు. నాలుక చప్పరించి, "ఇది ముడా, నీ జడా?" అని దాన్ని విప్పేసి, మళ్ళీ తన చేత్తో వేసుకున్నాడు.

కానీ ముందు నాచేత వేయించాడు.